అరవై దాటితే వణుకు

“ఈ ఢిల్లీ మహానగరంలో కోటిన్నర మంది జనం. వాళ్లలో మెదడు ఉన్నవాళ్లు లక్షల్లో ఉంటారు. దాన్ని వాడేవాడు మాత్రం ఒక్కడే. ఆ ఒక్కడినీ బేర్ సరాయ్‌లో మూడో అంతస్తు గదిలో పడేసి, రెండు పూటలా నీళ్ల పప్పు పోస్తోంది ఈ దేశం” అని పద్మనాభం ప్రకటించాడు.

ఆ ప్రకటన చేసే సమయానికి అతను తువ్వాలు కట్టుకుని, ఒక కాలికి సాక్సు తొడుక్కుని, రెండో సాక్సు కోసం మంచం కింద దూరి వెతుకుతున్నాడు. అది అతని భుజం మీదే ఉంది. గదిలో ఉన్న రెండో మనిషి యేసుకుమార్ ఆ సంగతి చెబుదామనుకుని మానేశాడు. చెబితే ఆ విషయం తనకు ముందే తెలుసనీ, నీ పరిశీలనాశక్తిని పరీక్షించడానికే వెతుకుతున్నాననీ అంటాడు. ఆరు నెలలుగా ఒకే గదిలో ఉంటున్నారు కాబట్టి ఇలాంటి పరీక్షలు యేసుకుమార్ చాలా రాసి ఉన్నాడు.

పద్మనాభం అమలాపురం నుంచి కలెక్టరు అవుదామని వచ్చాడు. ప్రిలిమ్స్ అనే గుమ్మం అతన్ని మూడుసార్లు బయటికి పంపింది. మూడోసారి ఫలితాలు చూసుకున్న సాయంత్రమే, దేశానికి కలెక్టర్లు ఎక్కువయ్యారనీ డిటెక్టివులు తక్కువయ్యారనీ అతనికి తట్టింది. జియా సరాయ్‌లో జిరాక్సు షాపు వాడి చేత వంద కార్డులు కొట్టించాడు. ‘పద్మనాభం, బి.ఏ., అపరాధ పరిశోధకుడు. మీ నిద్ర చెడగొట్టే నిజాలు మా వద్ద లభించును.’ కార్డు మీద ఫోను నంబరులో ఒక అంకె తప్పు పడింది. ఆ నంబరుకు ఫోను చేసినవాళ్లకు లజ్‌పత్ నగర్‌లో పెళ్లిళ్లకు షామియానాలు వేసే ఆయన పలికేవాడు. ఏడాదిలో పద్మనాభం దగ్గరికి రెండే కేసులు వచ్చాయి. మొదటిది ప్రెషర్ కుక్కరు విజిలు. రెండోది మెస్సులో పోతున్న తెలుగు పేపరు. రెండో కేసులో పది రోజులు నిఘా వేసిన తర్వాత, పేపరు పట్టుకుపోతున్నది తనేనని తేలింది. నిష్పాక్షికంగా దర్యాప్తు చేస్తే ఎంతటివాడైనా దొరికిపోతాడనడానికి దాన్నే నిదర్శనంగా చెప్పుకునేవాడు.

యేసుకుమార్‌ది నరసాపురం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆర్.కె.పురం వైపు ఒక స్కూలు హాల్లో ఆదివారం ఆరాధన జరుపుకునే తెలుగు సంఘంలో సభ్యుడు. శనివారాలు అతనికి సెలవు. ఆ సెలవు రోజున సంఘం వాళ్ల పికప్పు బండి తోలుకుని, నర్సుల్నీ మందుల పెట్టెల్నీ ఎక్కించుకుని, సోహ్నా దాటాక ఆరావళి గుట్టల్లో ఉన్న పత్థర్‌ఖేడా అనే పల్లెకు వెళ్లేవాడు. చివరి నాలుగు కిలోమీటర్లూ రాళ్లూ ఇసుకా తప్ప దారి లేదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కాబట్టి అది మాత్రమే ఆ గుట్ట ఎక్కేది.

రెండువేల ఏడో సంవత్సరం ఫిబ్రవరిలో, ఆ సాక్సు దొరికిన పొద్దున్నే, యేసుకుమార్ మూడు వారాలుగా కడుపులో పెట్టుకున్న మాట బయటపెట్టాడు.

“అరవై దాటితే చాలు, వణికిపోతోందిరా.”

“అరవై దాటాక వణుకు సహజమే. షుగరు చూపించారా?”

“మనిషి కాదు. బండి.”

పద్మనాభం కళ్లు చిన్నవి చేశాడు. ఎదుటివాళ్లు భయపడాలని చేసే పని అది. చూసేవాళ్లకు మాత్రం కంట్లో నలక పడ్డట్టు ఉండేది.

యేసుకుమార్ జరిగింది చెప్పుకొచ్చాడు. జనవరి ఆఖరి శనివారం క్యాంపు ముగించుకుని వస్తున్నారు. ముందు సీట్లో సీతారత్నం ఆంటీ ఉంది. ముప్ఫై ఏళ్లు లేబరు వార్డులో పనిచేసి, ఇప్పుడు ఈ క్యాంపులు నడుపుతున్న మనిషి. వెనక ఇద్దరు నర్సులున్నారు. బండి అరవైలో ఉండగా ఒక చిన్న వంతెన అతుకు మీద దబ్బుమంది. అంతే, స్టీరింగు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఫిట్స్ వచ్చిన రోగి తలను రెండు చేతులతో అదిమి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. బండి ముందుభాగమంతా ఊగిపోయింది. పక్కనే లారీ వస్తోంది. వేగం ముప్ఫైకి తగ్గేసరికి, ఏమీ జరగనట్టు అదే కుదురుకుంది. తర్వాత రెండు శనివారాలూ అదే తంతు. అరవై లోపల పైకి కనిపించీ కనిపించని అదురు. అరవై దాటాక, ఏ చిన్న గతుకు తగిలినా ఆ ఊపు.

సంఘం కార్యదర్శి బాబురావు గారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. స్వయంగా పరీక్షిస్తానని బండి తీసుకుని రింగు రోడ్డంతా తిరిగొచ్చాడు. రింగు రోడ్డు ట్రాఫిక్కులో బండి నలభై దాటలేదు. నలభైలో అది వణకలేదు. దిగి తాళాలు ఇస్తూ, బండి బ్రహ్మాండంగా ఉందనీ, లోపం ఏదైనా ఉంటే నడిపేవాడి చేతుల్లోనే ఉందనీ అందరి ముందూ అన్నాడు.

ఆ మాట యేసుకుమార్‌తో పాటే ఆసుపత్రికి వెళ్లింది. మర్నాడు వార్డులో ఒక ముసలావిడకు సెలైన్ ఎక్కించబోయి రెండుసార్లు నరం తప్పాడు. ఆరేళ్ల ఉద్యోగంలో అతనికి అలా జరగలేదు. ఆవిడ మూడోసారి చెయ్యి ఇవ్వడానికి జంకింది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. పద్మనాభానికీ చెప్పలేదు. వచ్చే ఆదివారం కమిటీ కూర్చుంటోందనీ, ఈ బండి అమ్మేసి సిటీలో తిరిగే వ్యాను కొందామని బాబురావు గారు ప్రతిపాదించబోతున్నారనీ మాత్రం చెప్పాడు. వ్యాను గుట్ట ఎక్కదు. సీతారత్నం ఆంటీ నోటుబుక్కులో ఆ పల్లె పేరు కింద పదకొండు మంది గర్భిణుల పేర్లున్నాయి.

పద్మనాభం లేచి నిలబడ్డాడు. తువ్వాలు జారబోతే పట్టుకున్నాడు.

“ఇది లోపం కాదు. కుట్ర. ఈ వణికే చక్రం వెనుక వణకని చెయ్యి ఒకటుంది” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఘటనా స్థలాన్ని, అంటే స్కూలు ఆవరణలో వేపచెట్టు పక్కన నిలిపి ఉన్న బండిని పరిశీలించడం జరిగింది. పద్మనాభం భూతద్దంతో నాలుగు చక్రాల చుట్టూ తిరిగాడు. నాలుగూ నల్లగా ఉండటం అతనికి అనుమానంగా తోచింది. లోపల గేరు రాడ్డు పక్కన రెండో చిన్న రాడ్డు కనిపించేసరికి మాత్రం ఊపిరి బిగబట్టాడు. అది రహస్య మీట అన్నాడు. యేసుకుమార్ అది ఏమిటో చెప్పబోతే, సాక్షులు తర్వాత మాట్లాడవచ్చునని చేత్తో ఆపాడు.

బండి బయటికి తీశారు. మొదటి మలుపులోనే స్టీరింగు బండరాయిలా బిగుసుకుంది. యూ టర్న్ తిప్పబోతే టైర్లు కీచుమన్నాయి, బండి కుంటి గుర్రంలా ఎగిరెగిరి పడింది. యేసుకుమార్ బండి పక్కకు ఆపాడు. ఇది పాత జబ్బు కాదు, కొత్తది. పద్మనాభం డైరీ తెరిచి, ‘వాహనము ఎడమకు తిరుగుటకు నిరాకరించుచున్నది. ఎడమవైపు ఏమున్నది?’ అని రాసుకుని అటు చూశాడు. మోసంబి జ్యూసు బండి ఉంది. దిగి జ్యూసు వాడిని పది నిమిషాలు విచారించాడు. రెండు గ్లాసులు తాగాడు. నిర్దోషి అని వదిలేశాడు.

ఈలోగా యేసుకుమార్ కిందికి చూశాడు. చిన్న రాడ్డు ముందుకు తోసి ఉంది.

“ఇది నువ్వు కదిలించావా?”

“రహస్య మీట కదా. వేలిముద్రలు తీసుకున్నాను.”

ఆ రాడ్డు ఇసుకలో, బురదలో బండి దిగబడినప్పుడు నాలుగు చక్రాలూ కలిసి లాగడానికి వేసేదనీ, గట్టి తారురోడ్డు మీద వేస్తే మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయనీ యేసుకుమార్ ఓపికగా చెప్పాడు. రాడ్డు వెనక్కి లాగాక బండి మామూలుగా తిరిగింది. కేసులో సగం తేలిపోయిందని పద్మనాభం రాసుకున్నాడు.

మిగతా సగం మహిపాల్‌పూర్ రోడ్డు మీద ఎదురైంది. బండి అరవై అందుకున్నాక ఒక గతుకు తగిలింది. స్టీరింగు ఒక్కసారిగా పిచ్చెత్తినట్టు కొట్టుకుంది. పద్మనాభం డైరీ ఒళ్లోంచి ఎగిరి కాళ్ల దగ్గర పడింది, భూతద్దం కిటికీలోంచి రోడ్డు మీదికి వెళ్లిపోయింది. తనకు తెలిసిన దేవుళ్ల పేర్లన్నీ చదివాడు. అవి అయిపోయాక, రూమ్మేటు దేవుణ్ని కూడా వదల్లేదు. యేసుకుమార్ బండి పక్కకు తీసి ఆపాడు. అతను తన చేతులనే చూసుకుంటున్నాడు. ఇంజను ఆపేసినా అవి సన్నగా అదురుతూనే ఉన్నాయి.

“చూశావుగా. ఇప్పుడు చెప్పు. ఇది నా చేతులా, బండా?” అని అడిగాడు.

పద్మనాభం వంగి, కాళ్ల దగ్గర పడ్డ డైరీ తీసి దుమ్ము దులిపాడు. చివరికి, మెకానిక్కును విచారించాలి అన్నాడు.

మునిర్కాలో షెడ్డు ఉన్న దశరథ్ ముప్ఫై ఏళ్లుగా బళ్లు బాగుచేస్తున్న బక్కపలచటి మనిషి. ఊరు అలీగఢ్. ఈ బండిని అప్పటికే ఒకసారి చూశాడు. చక్రాల బ్యాలెన్సింగు చేశాడు, ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకూ మార్చాడు, అలైన్‌మెంటు సరిచేశాడు. అయినా జబ్బు తగ్గలేదని యేసుకుమార్ చెప్పగానే అతను చేతులు తుడుచుకుంటూ ఆలోచనలో పడ్డాడు. పద్మనాభం ఎక్కువసేపు ఆలోచించనివ్వలేదు. నేరుగా కళ్లలోకి చూస్తూ, “తుమ్ బారా తారీఖ్ కహాఁ థీ?” అన్నాడు. ఇంత మీసం ఉన్న మనిషిని, అమ్మా పన్నెండో తారీఖున ఎక్కడున్నావమ్మా అని అడిగినట్టయింది. పనివాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు. దశరథ్ మర్యాదస్తుడు. ఇంట్లోనే ఉన్నానని చెప్పి, యేసుకుమార్ వైపు తిరిగాడు.

“ఇస్‌మే ప్లే హై, భయ్యా. కహీఁ న కహీఁ.”

ఎక్కడో ఏదో వదులుగా ఆడుతోందని అతని భావం. బండి ఒక రోజు తన దగ్గర వదిలితే, ఒకడు పైన స్టీరింగు తిప్పుతుంటే తాను కింద పడుకుని ఎక్కడ ఆడుతోందో పట్టుకుంటానన్నాడు. యేసుకుమార్ తాళాలు ఇవ్వబోయాడు. పద్మనాభం ఆ చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు.

“విన్నావా? ప్లే అన్నాడు. ఆట. ఎవరో మనతో ఆడుతున్నారని వాడే ఒప్పుకున్నాడు. ఇలాంటి సమయంలో ప్రధాన సాక్ష్యాన్ని తీసుకెళ్లి అనుమానితుడి షెడ్డులో పెడతావా?”

యేసుకుమార్ గట్టిగా వాదించి ఉంటే కథ ఆ సాయంత్రమే అయిపోయేది. కానీ అప్పటికి అతనికి తన మాట మీద తనకే నమ్మకం తగ్గిపోయి ఉంది. తాళాలు జేబులో వేసుకున్నాడు.

బండి పోతే లాభం ఎవరికి అన్నది పద్మనాభం తర్వాతి ప్రశ్న. వ్యాను కావాలంటున్నది బాబురావు గారు. కాబట్టి బుధవారం మధ్యాహ్నం ఇద్దరూ ఆయన ఆఫీసు బయట కాపు కాశారు. డ్యూటీ సాయంత్రం కాబట్టి యేసుకుమార్ కూడా రాక తప్పలేదు. ఒంటిగంటకు బాబురావు గారు బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, ఆటో ఎక్కాడు. ఆయన అలా అటూ ఇటూ చూడటం యేసుకుమార్‌కు కూడా వింతగానే అనిపించింది.

ఆటో అశోకా రోడ్డులో మన భోజనం దొరికే ఒక హోటలు ముందు ఆగింది. బాబురావు గారు మూల బల్ల దగ్గర గోడకు తిరిగి కూర్చున్నాడు. వీళ్లు స్తంభం వెనక కూర్చున్నారు. అక్కడ ఎంత తింటే అంత వడ్డిస్తారు. ఖాళీ విస్తరి ముందు కూర్చుంటే అనుమానం వస్తుందని పద్మనాభం పెట్టిందల్లా తిన్నాడు. తిన్నకొద్దీ వడ్డించేవాడు పెట్టాడు. నిఘా ముగిసేసరికి అతను నాలుగుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. బల్ల మీద చెయ్యి ఆనించి కానీ లేవలేకపోయాడు.

ఎలాగో లేచి వెళ్లి బాబురావు గారి ఎదురుగా కూలబడ్డాడు. ఆయన ముందు రెండు చిన్న గిన్నెలు ఖాళీగా ఉన్నాయి. అడుగున సేమ్యా తుంపులు అంటుకుని ఉన్నాయి.

“అంతా తెలిసిపోయింది బాబురావు గారూ” అన్నాడు పద్మనాభం మెల్లగా. తిండి వల్ల అంతకంటే గట్టిగా అనలేకపోయాడు.

బాబురావు గారి ముఖం పాలిపోయింది. “ఎవరు పంపారయ్యా మిమ్మల్ని? సరళా?” అన్నాడు. సరళకుమారి ఆయన భార్య. ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటు. ఆవిడ కళ్లద్దాల మీదుగా చూస్తే డాక్టర్లు కూడా చేతులు కడుక్కుంటారు.

“ఎప్పటినుంచి జరుగుతోంది ఇది?”

“ఆర్నెల్లయింది.”

“ఎన్ని?”

“మొదట్లో ఒకటే బాబూ. తర్వాత రెండు. క్రిస్మస్ వారంలో ఒక్కసారి మూడు. అది మాత్రం తప్పే.”

“మీ వల్ల ప్రాణాలు పోయేవి. తెలుసా?”

“తెలుసు. డాక్టరూ అదే అన్నాడు” అని ఆయన తల దించుకున్నాడు. “ఇంట్లో చెప్పకండి. మానేస్తాను.”

బయటికొచ్చాక యేసుకుమార్ ఆగి, ఆయన చెప్పింది పాయసం గురించి అన్నాడు. ఆయనకు షుగరుందనీ, బల్ల మీద గిన్నెలు తను చూశాననీ, బండి మాట మొత్తం సంభాషణలో ఒక్కసారి కూడా రాలేదనీ వివరించాడు. పద్మనాభం జాలిగా నవ్వాడు.

“పాయసం అనేది సంకేత పదం” అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ వాళ్లు స్కూలు ఆవరణలో, బండి ముందే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. సీతారత్నం ఆంటీ ఊరికే రాలేదు. దశరథ్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. బండి జబ్బేమిటో బండి తెలిసినవాడు చెప్పాలి గానీ మనం చేతులెత్తి తేల్చేది కాదని ఆవిడ వాదన. పద్మనాభం ఎవరి దగ్గరో ఇంటర్వ్యూ టై అరువు తెచ్చుకుని కట్టుకొచ్చాడు. ఎర్రటి టై, బెల్టు దాటి కిందికి వేలాడుతోంది.

బాబురావు గారు వ్యాను ప్రతిపాదన చదవడం మొదలుపెట్టగానే పద్మనాభం లేచాడు. ఈ నేరం చేసిన మనిషి ఈ సభలోనే ఉన్నాడనీ, ఆర్నెల్లుగా ఈ పని సాగుతోందనీ, ఒక్కోసారి రెండేసి చొప్పున చేశానని తన దగ్గరే ఒప్పుకున్నాడనీ చెప్పి, చూపుడు వేలు బాబురావు గారి వైపు తిప్పాడు.

సరళకుమారి గారు కళ్లద్దాల మీదుగా భర్తను చూసింది.

“రెండేసి ఏమిటండీ?”

బాబురావు గారు అబద్ధం చెబుదామని చూశాడు. ఆ కళ్లద్దాల ముందు పాతికేళ్లలో ఆయన అబద్ధం ఒక్కటీ నిలబడలేదు.

“పాయసం” అన్నాడు.

ఆవిడ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం అని మాత్రం అంది. కుర్చీల్లో ఎవరో దగ్గారు, ఎవరో పాటల పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. పద్మనాభం ముఖంలో రంగులు మారాయి. అయితే ఓడిపోవడం అతనికి ఎప్పుడూ సరిగ్గా అర్థమయ్యేది కాదు. అసలైన ఆధారం బండి కింద ఉందనీ, ఆ రెండూ ఏవో ఇప్పుడే తీసి చూపిస్తాననీ అంటూ, ఎవరూ వారించే లోపలే ముందు చక్రం పక్క నుంచి బండి కిందికి పాకాడు. బూట్లు మాత్రం బయట మిగిలాయి.

బాబురావు గారి అవమానం ఇప్పుడు ఎటో ఒకవైపు వెళ్లాలి. అది యేసుకుమార్ మీదికి వెళ్లింది. నడపడం చేతకాక, ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఇలాంటి పిచ్చివాళ్లను తీసుకొస్తావా, తాళాలు ఇటివ్వు అన్నాడు.

తాళం బండికే ఉంది. యేసుకుమార్ వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు తాళం తీసి దిగిపోవాలి. కానీ రెండేళ్లుగా ప్రతి శనివారం పట్టుకున్న స్టీరింగు అది. వర్షంలో పట్టుకున్నాడు, ఒకసారి వెనక సీట్లో పల్లె పిల్ల నొప్పులు పడుతుండగా పట్టుకున్నాడు. చేతులు వాటంతట అవే దాని మీదికి వెళ్లాయి. కొంచెం ఎడమకు తిప్పాడు. కొంచెం కుడికి తిప్పాడు.

కింద నుంచి గొంతు పిసికిన కోడిలాంటి శబ్దం వచ్చింది. బూట్లు రెండూ నేల మీద తపతప కొట్టుకున్నాయి.

“కదిలించకు నాయనా. ఉన్నవాడివి అలాగే ఉండు” అంది సీతారత్నం ఆంటీ. ముప్ఫై ఏళ్లు కాన్పులు చేసిన గొంతు అది. యేసుకుమార్ కట్టెలా బిగుసుకుపోయాడు.

దశరథ్ టార్చిలైటు తీసుకుని నేల మీద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. తర్వాత అతను చిన్నగా ఈలలాంటిది వేశాడు. చట్రానికి బిగించి ఉండాల్సిన స్టీరింగు పెట్టెకూ, ఆ చట్రానికీ మధ్య ఎర్రటి టై దూరి ఉంది. అక్కడ టై కాదు కదా, కాగితం కూడా దూరడానికి సందు ఉండకూడదు.

ఎడమకు తిప్పమన్నాడు. సందు తెరుచుకుంది, టై బయటికొచ్చింది. కుడికి తిప్పమన్నాడు. పెట్టె వెళ్లి చట్రానికి టక్కున కొట్టుకుంది. మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. చక్రాలు తిరగడానికి ముందు ప్రతిసారీ పెట్టే కదులుతోంది. గట్టిపడిన బురదను స్క్రూడ్రైవరుతో గీకి చూస్తే, దాన్ని పట్టి ఉంచే బోల్టులు మూడింటిలో ఒకటి అసలు లేదు. మిగిలిన రెండూ వేళ్లతో తిరుగుతున్నాయి. గుట్ట మీది రాళ్ల కుదుపులకు వదులై, నెలల తరబడి బురద కింద దాక్కున్నాయి. నెమ్మదిగా వెళ్లినంతసేపూ పెట్టె దాని చోట్లోనే ఉంటుంది. వేగంలో గతుకు తగిలితే ఆ వదులంతా ఒక్కసారిగా స్టీరింగులోకి వస్తుంది.

దశరథ్ బయటికొచ్చి దుమ్ము దులుపుకున్నాడు. మిగతావాళ్లను వదిలేసి నేరుగా డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్లాడు.

“నీ చేతులు బాగానే ఉన్నాయి, భయ్యా. బండే చేతులు వదిలేసింది” అని హిందీలో అన్నాడు. ఇన్నాళ్లూ ఇలాంటి బండిని రోడ్డు మీద నిలబెట్టుకొచ్చావంటే ఆ చేతులకు దండం పెట్టాలి అని కూడా అన్నాడు. ఆ రెండో మాట సీతారత్నం ఆంటీ తెలుగులోకి మార్చి, బాబురావు గారికి వినబడేలా ఇంకోసారి చెప్పింది. బాబురావు గారు వ్యాను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

యేసుకుమార్ వెంటనే దిగలేదు. అద్దం సరిచేసుకుంటున్నట్టు కాసేపు తల పక్కకు తిప్పుకున్నాడు.

అప్పటికి పద్మనాభం బయటికి పాకి వచ్చి నిలబడ్డాడు. జుట్టు నిండా బురద, మెడ చుట్టూ ఎర్రటి చార, టై కొసన గ్రీజు.

“సరిగ్గా నేననుకున్న చోటే ఉంది” అన్నాడు.

ఎవరూ కాదనలేదు. టై లోపలికి ఎలా వెళ్లాలో అతను ముందుగానే లెక్కవేసుకున్నాడనీ, లోపాన్ని బయటికి రప్పించడానికి మెడను పణంగా పెట్టాడనీ ఆ తర్వాత పావుగంట సేపు విన్నారు. నేరస్థుడు ఎవరని ఒకరు అడిగితే, ఆరావళి పర్వతశ్రేణి అని చెప్పాడు. అరెస్టు చేయడం తన పరిధిలోకి రాదన్నాడు. కమిటీ మినిట్సు పుస్తకంలో ‘బండి లోపము శ్రీ పద్మనాభం గారి టై ద్వారా కనుగొనబడినది’ అని రాశారు. సంతకం కోసం పుస్తకం చేతికిస్తే, అతను ‘టై’ కొట్టేసి ‘మేధ’ అని దిద్దాడు. బాబురావు గారు దాన్ని చూసి కూడా ఊరుకున్నాడు. ఇంటికెళ్లాక జరగబోయే దాని మీదే ఆయన ధ్యాసంతా ఉంది.

దశరథ్ రెండు రోజుల్లో కొత్త బోల్టులు వేసి, అరిగిన రంధ్రాలు సరిచేసి, బండి అప్పగించాడు. గురువారం వార్డులో యేసుకుమార్ ఒక చంటిబిడ్డకు సూది పెట్టాల్సి వచ్చింది. వెంట్రుకంత నరం. ఒక్కసారికే దొరికింది. ఎవరూ చూడలేదు. చూసినా, అందులో చెప్పుకోవడానికి ఏముందనుకునేవారు.

శనివారం పొద్దున బండి గుర్‌గావ్ దాటింది. మందుల పెట్టెలూ నర్సులూ వెనక ఉన్నారు. కేసు ముగింపును ప్రత్యక్షంగా నమోదు చేయాలని పద్మనాభం కూడా ఎక్కాడు. ముందు సీట్లో సీతారత్నం ఆంటీకీ కిటికీకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. సోహ్నా రోడ్డు మీద ఆవాల చేలు రెండు పక్కలా పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. ముల్లు యాభై ఐదు మీదికి వచ్చింది. అరవై మీదికి వచ్చింది. ముందు ఆ వంతెన అతుకు కనిపించగానే యేసుకుమార్ వేళ్లు బిగుసుకున్నాయి.

దబ్బుమని శబ్దం వచ్చింది. అంతే. బండి తిన్నగా ముందుకు పోయింది.

యేసుకుమార్ పక్కకు చూశాడు. సీతారత్నం ఆంటీ నోరు కొద్దిగా తెరుచుకుని, పదకొండు పేర్లున్న నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని గాఢంగా నిద్రపోతోంది. ఆవిడ తల పద్మనాభం భుజం మీద ఆనింది. పద్మనాభం మాత్రం ముఖం చిట్లించి, డాష్‌బోర్డు వైపు చెవి తిప్పి వింటున్నాడు.

“ఏమీ వినిపించడం లేదు. ఇంత ప్రశాంతత సహజం కాదు. దీని వెనకాల ఎవరో ఉన్నారు” అన్నాడు గొంతు తగ్గించి.

“ఆంటీ లేస్తుంది. మెల్లగా మాట్లాడు” అన్నాడు యేసుకుమార్. అని, ఒక చెయ్యి స్టీరింగు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.